నాందేడ్‌లోని హజూర్ సాహిబ్ గురుద్వారాను ఎవరు కట్టించారు? దాని ప్రత్యేకత ఏమిటి?

కట్టించింది పంజాబ్‌ను ఏలిన మహారాజా రంజిత్ సింగ్, 1832-37 మధ్య. అంత దూరంలో ఉండి కూడా గోదావరి ఒడ్డున ఎందుకు కట్టించాడంటే, సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ 1708లో కన్నుమూసింది ఇక్కడే. ఇకపై మనుషుల్లో గురువు ఉండరనీ, సిక్కుల పవిత్ర గ్రంథమైన గురు గ్రంథ్ సాహిబే గురువనీ ఆయన ప్రకటించిందీ ఇక్కడే. సిక్కుల ఐదు తఖ్త్‌లలో, అంటే మతపరమైన అధికార పీఠాలలో, ఇదొకటి.

రెండంతస్తుల కట్టడం, పైన బంగారు పూత పూసిన గుమ్మటం. అమృత్‌సర్ స్వర్ణ దేవాలయం పోలికలు కనిపిస్తాయి. కానీ దీనికి ప్రాణం మాత్రం లోపలి చిన్న గది, అంగీఠా సాహిబ్. గురువుగారి దహన సంస్కారం జరిగిన చోటు అది. ఆయన ఆయుధాలు అందులోనే ఉన్నాయి. ప్రధాన పూజారి తప్ప ఎవరూ లోపలికి వెళ్లరు. భక్తులు బయటి నుంచే దండం పెట్టుకుంటారు. దాన్ని కడగడానికి రోజూ గోదావరి నుంచి గాగర్ అనే బిందెలో నీళ్లు మోసుకొస్తారు. నాకు అన్నిటికంటే నచ్చే ఆచారం ఇదే. ఆ నీళ్లే కదా కిందికి పారి మన బాసరకు వచ్చేది!

అప్పట్లో నాందేడ్ హైదరాబాద్ నిజాం రాజ్యంలో ఉండేది. పంజాబ్ నుంచి ఆ కాలంలో వచ్చిన సిక్కుల్లో చాలామంది దక్కన్‌లోనే ఉండిపోయారు. వాళ్ల వారసులనే దఖ్ఖనీ సిక్కులంటారు. హైదరాబాద్‌లోనూ ఉన్నారు. బాసర వెళ్తే అదే రైలు మార్గంలో ఇంకాస్త ముందుకెళ్లి ఇదీ చూసి రండి. తల మీద గుడ్డ కప్పుకోవడం మరవొద్దు, అందరికీ ఉచితంగా అన్నం పెట్టే లంగర్‌లో భోజనం చేయకుండా రావొద్దు.