అబ్బాయి ఉద్యోగం మానేస్తానంటున్నాడు, ఆపాలా?

ఒకమ్మ రాశారు, వాళ్ళబ్బాయి చేరి ఏడాదిన్నర అయ్యిందట, టీమ్‌లో ఇద్దరు మానేస్తే వాళ్ళ పని కూడా ఇతని మీదే పడేశారు, రాత్రి పదకొండుకి మేనేజర్ ఫోన్లు, ఇంకో ఉద్యోగం చూసుకోకుండానే మానేస్తా అంటున్నాడు, కాస్త నచ్చజెప్పండి అని.

అమ్మా, నచ్చజెప్పడం నా వల్ల కాదు, ముందే చెప్పేస్తున్నా. ఆదివారం సాయంత్రం అయితే చాలు కడుపులో తిప్పుతోంది అంటాడని మధ్యలో ఓ ముక్క రాసి వదిలేశారు చూడండి, నేను అక్కడే ఆగిపోయా. వారానికి 35-40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే 55 గంటలు, ఆపైన చేసేవాళ్ళకి పక్షవాతం రిస్క్ 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో అంచనా చెప్పాయి. ఆ రాత్రి ఫోన్లు కూడా కలిపి ఎన్ని గంటలవుతున్నాయో రెండు వారాలు రాసుకోమనండి.

పని ఎక్కువైంది సార్ అని నోటితో చెప్తే అందరికీ ఎక్కువే అంటారు, అదే ఆ గంటల లెక్క, చేతిలో ఉన్న పనులన్నీ మెయిల్‌లో పెట్టి ఈ వారం వీటిలో ఏవి ఆపమంటారు అని అడిగితే ఏదో ఒకటి చెప్పక తప్పదు. అప్పుడు కూడా అన్నీ కావాల్సిందే అంటే అక్కడ ఇంక మారేదేం లేదు, మానేయడమే.

కాకపోతే కోపంలో వద్దు. నేనలాగే చేశా ఒకప్పుడు, మేనేజర్ మొహం మీదే చెప్పేసి బ్యాగ్ సర్దుకుని వచ్చేశా, ఆ రోజు హీరోలా ఫీలయ్యా గానీ ఎక్స్‌పీరియన్స్ లెటర్ కోసం నాలుగు నెలలు మళ్ళీ వాళ్ళ చుట్టూనే తిరిగా. నోటీస్ పీరియడ్ ఎంతో, బాండ్ ఏమైనా ఉందో ఆఫర్ లెటర్ తీసి చదువుకోమనండి. ఐదారు నెలల ఖర్చులకి డబ్బులుంటే మానేసి వెతుక్కోవచ్చు, లేకపోతే ఫలానా తేదీకి వెళ్ళిపోతా అని మనసులో పెట్టుకుని వెతుకుతూ ఉండాలి, తేదీ అంటూ ఉంటే ఓర్చుకోవడం కూడా కొంచెం ఈజీ. నిద్ర, తిండి పోయేదాకా వస్తే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

రెజ్యూమెలో గ్యాప్ అని మీరు భయపడుతున్నారు, మూడు నాలుగు నెలలకి ఏం కాదు. ఇంటర్వ్యూలో అడిగితే ముగ్గురి పని ఒక్కడినే చేశా, అడిగినా మార్పు రాలేదు అని చెప్పి అక్కడితో ఆగిపోవాలి, పాత మేనేజర్ మీద చాడీలు మొదలెడితే రేపు మన గురించీ ఇంతే చెప్తాడు అనుకుంటారు. ఈ పోస్ట్ ఎందుకు ఖాళీ అయ్యింది, ముందున్నవాళ్ళు ఎన్నాళ్ళు చేశారు అని ఇతను కూడా అడగాలి, అడక్కే కదా ఇప్పుడిలా ఇరుక్కుంది.

ఇంకోటమ్మా, మానేశాక ఇంట్లో రోజూ పొద్దున్నే ఏమైందిరా అని అడక్కండి. వారానికోసారి చాలు.