టెక్సస్‌లో పుట్టినవాడు "నేను ఐరిష్" అంటాడు, నన్ను మాత్రం "అసలు ఎక్కడి నుంచి?" అంటాడు. ఇదేం లెక్క?

ప్రశ్న వేసినాయన సొంతూరు అనంతపురం, ఉద్యోగం డాలస్‌లో. పక్క సీటతను టెక్సస్‌లోనే పుట్టి పెరిగాడు, ఐర్లండ్ ఎన్నడూ చూడలేదు, అయినా "నేను ఐరిష్" అంటాడట. ఈయన "నేను ప్లేనోలో ఉంటాను" అంటే మాత్రం "అది సరే, అసలు ఎక్కడి నుంచి?" అన్నాడట. ఇది వివక్ష కాదా, ఏం జవాబివ్వాలి అని అడుగుతున్నారు.

నేను 2009 నుంచి పిట్స్‌బర్గ్‌లో ఉంటున్నాను. ఈ ప్రశ్న నన్ను సూపర్ మార్కెట్లో బిల్లు కట్టేటప్పుడు అడిగారు, పంటి డాక్టర్ కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నప్పుడు అడిగారు, మా పాప పుట్టిన రోజు ఆసుపత్రిలో అడిగారు. ఒకాయనైతే "బొట్టు ఇండియనా, ఈక ఇండియనా?" అన్నాడు. ఇండియన్లు అనే పిలిచే ఇక్కడి ఆదివాసులనీ మమ్మల్నీ ఒక్క మాటతో కించపరిచాడు. ఆ రోజు వచ్చిన కోపం తలుచుకుంటే ఇప్పటికీ వస్తుంది. కాబట్టి అడిగినవాళ్ళందరూ మంచి మనసుతోనే అడుగుతారని నేను చెప్పను. కానీ మీ పక్క సీటతను "ఐరిష్" అన్నది పాస్‌పోర్టు సంగతి కాదండి, ఇంటి సంగతి. అది నాకు మా పక్కింటి పెద్దాయన దగ్గర తెలిసింది.

2010 ఫిబ్రవరిలో పిట్స్‌బర్గ్‌లో ఇరవై అంగుళాల పైన మంచు పడింది. మాకది అక్కడ మొదటి చలికాలం. కారు ఎక్కడుందో కూడా కనబడట్లేదు, మా దగ్గర మంచు తీసే పార లేదు. పక్కింటి పెద్దాయన, అప్పటికే డెబ్బై దాటినవాడు, తన వాకిలి తీసుకుని మా వైపు వచ్చి, ఇంకో పార నా చేతికిచ్చాడు. ఇద్దరం తీస్తున్నాం. "ఎక్కడి నుంచి మీరు?" అన్నాడు. ఇండియా అన్నాను. "నేను స్లోవాక్" అన్నాడు. నేను నిజంగానే నమ్మాను. ఇంగ్లీషు ఇంత బాగా మాట్లాడుతున్నాడు, చిన్నప్పుడే వచ్చి ఉంటాడు అనుకుని "మీరు ఎప్పుడొచ్చారు?" అని అడిగాను.

"మేం 1907లో వచ్చాం" అన్నాడు, పార ఆపకుండా.

నేను మనసులో లెక్కేసుకున్నాను. 1907లో వచ్చుంటే ఈయనకి నూరు దాటాలి. వచ్చింది వాళ్ళ తాత. ఈయన పుట్టింది ఇక్కడే, నాలుగు మైళ్ళ దూరంలో హోమ్‌స్టెడ్‌లో. తాత ప్రయాణాన్ని "మేం వచ్చాం" అని చెప్పుకుంటున్నాడు. మనకి "మేము" వేరు, "మనము" వేరు కదా. ఇంగ్లీషులో రెండూ ఒకటే మాట. ఈయన "వుయ్" అన్నప్పుడు నాకు మేము అనే వినిపించింది. ఆ మేములో చనిపోయిన తాత ఉన్నాడు, నాయనమ్మ ఉంది, ఉక్కు మిల్లులో పనిచేసిన నాన్న ఉన్నాడు. మనం కూడా "మేం ఆ ఊరి నుంచి వలస వచ్చినవాళ్ళం" అని ఏడు తరాల కిందటి సంగతి చెప్తాం కదా, నిన్న మొన్న బస్సు దిగినట్టు. అలాంటిదే ఇదీ.

ఆ సాయంత్రం కాఫీకి పిలిచాడు. వంటింటి బల్ల మీద ఒక కాగితం పెట్టాడు, లామినేషన్ చేయించిన జిరాక్స్. న్యూయార్క్ రేవులో, వలస వచ్చినవాళ్ళని తనిఖీ చేసి లోపలికి పంపిన ఎల్లిస్ ఐలాండ్‌కి వచ్చిన ఓడ ప్రయాణికుల జాబితాలో ఒక పేజీ. ఎల్లిస్ ఐలాండ్‌లో జనం అన్నిటికన్నా ఎక్కువగా దిగిన ఏడాది 1907, ఆ ఒక్క ఏడాదిలోనే పది లక్షల మంది. ముప్పై గీతల్లో ఒక గీత మీద వేలు పెట్టాడు. వయసు 19. పని: కూలీ. దేశం: హంగరీ. జాతి: స్లోవాక్. చేతిలో ఉన్న డబ్బు: 11 డాలర్లు. ఎవరి దగ్గరికి వెళ్తున్నాడు అన్న గడిలో బావమరిది పేరు, హోమ్‌స్టెడ్ అడ్రసు. ఆ 11 అన్న అంకె మీద ప్లాస్టిక్ మసకబారిపోయింది, ఎన్ని వందలసార్లు వేలు పెట్టి చూపించాడో.

నేను ఇండియా నుంచి వచ్చిన రోజు నా జేబులో ఎంత ఉంది అని అడిగాడు. ఎనిమిది వందల డాలర్లు, మా బాపు, అంటే నాన్న, చిట్టీ పాడి ఇచ్చినవి. చిట్టీ అంటే ఏమిటో అరగంట చెప్పాల్సొచ్చింది. చివరికి ఆయనే "మా చర్చి వాళ్ళకీ ఒక సంఘం ఉండేది, నెలనెలా కట్టేవాళ్ళు, మిల్లులో ఎవరైనా చచ్చిపోతే ఆ డబ్బుతోనే శవపెట్టె కొనేవాళ్ళు" అన్నాడు.

హంగరీ అని ఎందుకు రాశారు అని అడిగాను. ఆ రోజుల్లో స్లోవాకియా అన్న దేశమే లేదు. తాత హంగరీ రాజ్యంలో పుట్టాడు. 1918 తర్వాత ఆ పల్లె చెకొస్లొవాకియాలోకి వచ్చింది. 1993 నుంచి స్లోవాకియా. మా పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో నలభై రెండంతస్తుల భవనం ఒకటుంది, కెథీడ్రల్ ఆఫ్ లెర్నింగ్ అంటారు. అందులో ఒక్కో జాతివాళ్ళు చందాలు వేసుకుని కట్టుకున్న తరగతి గదులున్నాయి, మొత్తం ముప్పై ఒకటి. పెద్దాయన మా పాపను తీసుకెళ్ళి చెకొస్లొవాక్ గది చూపించాడు. ఆ గది తెరిచిన 1939లోనే హిట్లర్ ఆ దేశాన్ని ముక్కలు చేశాడు. ఇప్పుడు ఆ దేశం లేదు, గది ఉంది, అందులో పిల్లలు రోజూ పాఠాలు వింటున్నారు. ఇండియా గది కూడా ఉంది, నలందా నమూనాలో కట్టారు, 2000లో తెరిచారు. "తెలుగు గది ఏది?" అంది మా పాప. దానికి అప్పుడు ఆరేళ్ళు. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ గదులు చూసిన రోజు నేను ఆయనకి మా ఊరి సంగతి చెప్పాను. మాది జనగామ దగ్గర పల్లె. మా తాత నిజాం రాజ్యంలో పుట్టాడు. బాపు 1952లో హైదరాబాద్ రాష్ట్రంలో పుట్టాడు. నేను 1981లో ఆంధ్రప్రదేశ్‌లో పుట్టాను. 2014 నుంచి మా ఊరు తెలంగాణ. మేం కదల్లేదు, చెరువు కదల్లేదు, ఇంటి ముందు వేపచెట్టూ కదల్లేదు. నా పాత పాస్‌పోర్టులో ఒక రాష్ట్రం, కొత్తదాంట్లో ఇంకో రాష్ట్రం. ఆయన కళ్ళు పెద్దవి చేసి విన్నాడు. ఆ తర్వాత నన్ను ఎవరికైనా పరిచయం చేస్తే ఇండియన్ అని చెప్పడు, "ఈయన జనగామ" అని చెప్తాడు. ఆయన నోట్లో అది "జాంగావ్" అవుతుంది. ఫరవాలేదు, వాళ్ళ నాయనమ్మను ఆయన "బాబా" అంటే నాకూ మొదట షిర్డీయే గుర్తొచ్చింది.

పేర్ల దగ్గర మాత్రం ఆయనకీ నాకూ పేచీ. ఎల్లిస్ ఐలాండ్‌లో ఆఫీసర్లు వాళ్ళ ఇంటిపేరు మార్చేశారని ఆయన నమ్మకం. ఈ మాట ఇక్కడ చాలామంది చెప్తారు. నిజానికి అక్కడి ఇన్‌స్పెక్టర్లు ఓడ ఎక్కిన రేవులోనే రాసిన జాబితా చూసి టిక్కు పెట్టుకునేవాళ్ళు. పేర్లు చాలావరకు తర్వాత మిల్లుల్లో, బళ్ళలో, లేదా వాళ్ళంతట వాళ్ళే మార్చుకున్నారు. నేను అంత గట్టిగా ఎందుకు వాదించానంటే, పేరు పోవడం అంటే ఏమిటో మా ఇంట్లో కళ్ళారా చూశాను. మా ఆవిడ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకే గడిలో వేశారు. వీసా మీద మొదటి పేరు దగ్గర "ఎఫ్‌ఎన్‌యూ" అని వచ్చింది, అంటే మొదటి పేరు తెలియదు అని. డ్రైవింగ్ లైసెన్స్, బ్యాంకు కార్డు అన్నీ అదే దారి. పాపను కనడానికి వెళ్తే నర్సు "ఫ్నూ" అని పిలిచింది. నొప్పులు పడుతూ మా ఆవిడ "నా పేరు అది కాదు" అని చెప్పుకోవాల్సొచ్చింది. పాస్‌పోర్టుకి అప్లై చేసే ప్రతి తెలుగువాడికీ చేతులు జోడించి చెప్తున్నాను, ఇంటిపేరు గడి ఖాళీగా వదలకండి.

సరే, అసలు విషయం. పెద్దాయన ఇప్పుడు గర్వంగా స్లోవాక్ అంటాడు. వాళ్ళ నాన్న కాలంలో అదే మాట తిట్టు. మిల్లులో వాళ్ళని "హంకీ" అనేవాళ్ళు, కొలిమి దగ్గర అన్నిటికన్నా వేడి పని వాళ్ళకే ఇచ్చేవాళ్ళు. 1924లో చట్టం తెచ్చి స్లోవాకుల్లాంటి స్లావు జాతులకీ ఇటాలియన్లకీ తలుపు దాదాపు మూసేశారు. మనకైతే మొత్తమే మూసేశారు. అంతకు ముందు ఏడాదే, పౌరసత్వం కోరిన భగత్ సింగ్ థింద్ అనే భారతీయుడి కేసులో అమెరికా సుప్రీం కోర్టు, భారతీయులు తెల్లవాళ్ళు కారు, పౌరసత్వం ఇవ్వడానికి లేదు అని తీర్పు చెప్పింది. 1946లో పౌరసత్వానికి దారి ఇచ్చారు, కొత్తగా వలస రావడానికి మాత్రం ఏడాదికి వంద మందికే. మళ్ళీ సరిగ్గా తలుపు తెరుచుకున్నది 1965లో. స్లోవాకుల మనవలు తెల్లవాళ్ళ గుంపులో కలిసిపోయారు కాబట్టి, ఈరోజు తాత ఊరి పేరు మెడలో పతకంలా వేసుకుంటారు, ఇష్టం లేనప్పుడు తీసి పెట్టెలో పెడతారు. మనం తీసి పెట్టలేం. మన మొహం మనకన్నా ముందు గదిలోకి వెళ్తుంది. మీకు గుచ్చుకున్నది "ఎక్కడి నుంచి" అన్న మాట కాదు, "అసలు" అన్న మాట. మీరు చెప్పిన జవాబు చెల్లదు అంటుంది ఆ మాట. ఆ బాధ న్యాయమైనదే. దాన్ని తక్కువ చేసుకోకండి.

ఇక ఆ ప్రశ్న మనుషుల కన్నా గట్టిగా అడిగేది ఇక్కడి చట్టం. ఉద్యోగం మీద గ్రీన్ కార్డుకి మామూలుగా ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం దాటి ఇవ్వరు, ఆ దేశం కూడా పుట్టిన దేశమే. రేపు నేను కెనడా పౌరుణ్ణయినా ఇండియా లైన్లోనే నిలబడాలి. 2012 నుంచి నిలబడి ఉన్నాను. ఏటా పెద్దాయన అడుగుతాడు, "ఇంకా రాలేదా?" అని. "మా తాతకి కొన్ని గంటలు పట్టింది" అని తల పట్టుకుంటాడు. ఆయన జాలి నాకు ఎప్పుడూ అవమానంగా అనిపించలేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. పెద్దాయన దగ్గర నేర్చుకున్న ఉత్సాహంతో నేను అందరినీ "మీ వాళ్ళెక్కడి నుంచి?" అని తిరిగి అడగడం మొదలుపెట్టాను. మా ఆఫీసులో ఒక నల్లజాతి ఆవిడ ఉన్నారు. ఆవిడనూ అడిగాను. "అలబామా" అన్నారు. నేను ఆగలేదు, "అంతకు ముందు?" అన్నాను. ఆవిడ కాసేపు నా వైపు చూసి, "1870 దగ్గర గోడ ఉంది" అన్నారు. బానిసత్వం పోయిన తర్వాత తీసిన మొదటి జనాభా లెక్కలు 1870వి. అంతకు ముందు 1850, 1860 లెక్కల్లో బానిసలకి పేర్లు రాయలేదు. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు, అంతే. ఆవిడ ముత్తాత తల్లి ఆ పట్టీలో ఒక వయసు, ఒక గీత. పెద్దాయన ప్లాస్టిక్ వేయించి దాచుకున్న కాగితం లాంటిది ఆవిడకి ఈ జన్మలో దొరకదు. ఆ "అంతకు ముందు?" నేను అడగకుండా ఉండాల్సింది. మరుసటి రోజు వెళ్ళి క్షమాపణ చెప్పాను. ఇప్పుడు ఆవిడ అలబామా పల్లె కబుర్లు తనంతట తానే చెప్తారు, వాళ్ళ అమ్మమ్మ బెండకాయ వండే తీరు అచ్చం మా నాయనమ్మ లాగే.

మనవాళ్ళ మీద కూడా ఒక మాట అనాలి. అమెరికన్ "ఎక్కడి నుంచి" అంటే మండిపోయే మనమే, గుడిలో కొత్త తెలుగు కుటుంబం కనబడితే ఊరు అడుగుతాం, ఇంటిపేరు అడుగుతాం, అప్పటికీ తేలకపోతే "మీరేవిట్లు?" అంటాం. ఇక్కడ పుట్టిన పిల్లల ముందే అంటాం. దీన్ని ఆప్యాయత అనకండి. ఆ తెల్లాయన "అసలు" కన్నా ఇది చాలా పెద్ద గాయం చేస్తుంది. కులం ఆరా తీస్తున్నారని తెలిసి గుడికి రావడం మానేసిన ఇద్దరు నాకు తెలుసు.

మీ పక్క సీటతని విషయానికొస్తే, ఈసారి "అసలు ఎక్కడి నుంచి" అంటే "అనంతపురం" అనండి. ఇండియా అనకండి, ఊరు చెప్పండి. ఆ వెంటనే "మీవాళ్ళు ఏ సంవత్సరంలో వచ్చారు?" అని అడగండి. దేశం అడిగితే ఒక్క మాటతో అయిపోతుంది, సంవత్సరం అడిగితే కథ బయటికొస్తుంది. ఐరిష్ వాళ్ళు కదా, 1840లు అని చెప్పినా చెప్తాడు. బంగాళదుంప పంట కుళ్ళిపోయి ఐర్లండ్‌లో పది లక్షల మంది చచ్చిపోయారు, అంతకు మించి ఓడలెక్కారు. ఆ కరువు సంగతి అతను మొదలుపెడితే మధ్యలో ఆపకండి. పూర్తిగా విని, మీ అనంతపురం వాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే 1876 నాటి ధాత కరువు సంగతి మీరు చెప్పండి. లంచ్ టైం చాలకపోతే సాయంత్రం పార్కింగ్‌లో చెప్పండి.