ఛాతీ లేవకపోతే ముందు మాస్కు చూడండి
అంబులెన్సులో పుట్టిన బిడ్డ ఏడవలేదు, బ్యాగు మాస్కుతో గాలి ఇస్తున్నా ఛాతీ లేవలేదు, గుండె వేగం నిమిషానికి 70 దగ్గరే ఉంది, వెంటనే ఛాతీ నొక్కాలా అని అడిగారు కదా. వద్దండీ. అప్పుడే పుట్టిన పిల్లల్లో చాలాసార్లు ఇబ్బంది గుండెది కాదు, ఊపిరిది. మాస్కు అంచుల్లోంచి గాలి పోతోందేమో చూడండి. మెడ మరీ వెనక్కి వాల్చినా దారి మూసుకుపోతుంది. భుజాల కింద గుడ్డ మడత చాలు. అడ్డం ఉంటే ముందు నోరు, తర్వాత ముక్కు శుభ్రం చేసి, నోరు కొంచెం తెరిచి ఇవ్వండి. అయినా ఛాతీ లేవకపోతే గాలి ఒత్తిడి కాస్త పెంచండి. శ్వాసలు నిమిషానికి 40–60 ఇవ్వండి. ఛాతీ కదిలేలా 30 సెకన్లు ఇచ్చాక కూడా గుండె వేగం 60 లోపే ఉంటే, అప్పుడు ఛాతీపై 3 నొక్కులకు 1 శ్వాస. ఈ టెన్షన్‌లో బిడ్డను తుడిచి వెచ్చగా ఉంచడం మాత్రం మర్చిపోకండి.