ఒకే రాష్ట్రంలో కౌంటీల (మన జిల్లాల్లాంటివి) ఆదాయాల మధ్య అంత తేడా ఎందుకు?

అమెరికాలో వర్జీనియానే చూడండి. రాజధాని వాషింగ్టన్‌కు దగ్గర్లోని లౌడన్ కౌంటీలో మధ్యస్థ కుటుంబ ఆదాయం (సగం కుటుంబాలకు ఇంతకంటే ఎక్కువ, సగానికి తక్కువ) ఏడాదికి 1,50,000 డాలర్లు దాటింది; నైరుతి కొండల్లోని బకానన్‌లో అందులో మూడో వంతు కూడా లేదు. లౌడన్‌కు 1962లో తెరిచిన డల్లెస్ విమానాశ్రయం, ప్రభుత్వ కాంట్రాక్టులు, అక్కడి యాష్‌బర్న్‌లోని డేటా సెంటర్లు కలిసొచ్చాయి. బకానన్ బతుకంతా బొగ్గే. గనుల్లోకి యంత్రాలు దిగాయి, తర్వాత చవకైన సహజవాయువు పోటీకొచ్చింది, పనులు పోయాయి. చదువుకున్న పిల్లలు ఊరు విడిచారు. వృద్ధులు, బొగ్గు ధూళికి ఊపిరితిత్తులు పాడైనవాళ్లు మిగిలారు.

పేదరికం లెక్కలను మాత్రం గుడ్డిగా నమ్మకండి. అమెరికా అధికారిక పేదరిక రేఖ ఇంటి అద్దెల తేడాను పట్టించుకోదు. లౌడన్‌లో సగం జీతం అద్దెకే పోసే కుటుంబం కాగితం మీద పేదది కాదు.