కార్న్ స్నేక్ గట్టిదే, అయినా కనిపెట్టి చూసుకో

చిరంజీవి హారికకు ఆశీస్సులు.

కార్న్ స్నేక్ పిల్లను పెంచబోతున్నావని మీ అమ్మ చెప్పింది. అది చాలా గట్టి పాము, పెద్దగా పనేమీ ఉండదని అమ్మేవాళ్ళు అంటారు. అందులో అబద్ధం లేదు. సరిగ్గా చూసుకుంటే 15, 20 ఏళ్ళు బతుకుతుంది. ఇబ్బందల్లా ఆ గట్టితనంతోనే. కుక్కలాగా మూలగదు, పిల్లిలాగా అరవదు. జబ్బు మన కంటికి ఆనేసరికి అది ఎన్నో వారాలుగా లోపల్లోపల చిక్కిపోయి ఉంటుంది. అందుకే ఒక నోటుబుక్కు పెట్టుకో. తిన్న తేదీ, మలం వేసిన తేదీ, కుబుసం విడిచిన తేదీ, నెలకోసారి వంటింటి డిజిటల్ కాటాలో తూకం రాసుకుంటూ పో. డాక్టరుకు నీ మాటలకంటే ఆ పుస్తకమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

అన్నిటికంటే ముందు వేడి సంగతి. ఇది అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పాము. దీన్ని పెంచే పద్ధతులు ఎక్కువగా చలిదేశాల వాళ్ళు రాసినవి కాబట్టి, పెట్టెను ఎలా వెచ్చబెట్టాలో పేజీలకు పేజీలు చెబుతారు. మన తిరుపతిలో కష్టం దానికి తిరగబడి ఉంటుంది. పెట్టెలో ఒక కొస 29 నుంచి 31 డిగ్రీలు, రెండో కొస 24 నుంచి 26 ఉండాలి. పాము తనకు కావలసిన చోటికి తానే జరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటినప్పుడు రెండు కొసలూ ఒకేలా కాగిపోతే దానికి పారిపోయే చోటు ఉండదు. పెట్టె లోపల గంటల తరబడి 35 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి పెట్టెను మేడ మీద, శ్లాబు కింది గదిలో పెట్టకు. కింది అంతస్తులో, ఎండ పడని లోపలి గదిలో, నేలకు దగ్గరగా పెట్టు. వేసవిలో హీట్ మ్యాట్ (పెట్టె కింద వేసే కరెంటు వేడి చాప) పూర్తిగా తీసేయ్. కరెంటు పోయిన మధ్యాహ్నాలకు గడ్డకట్టిన నీళ్ళ సీసా ఒకటి సిద్ధంగా ఉంచుకుని, గుడ్డ చుట్టి జాలీ మూత మీద ఒక పక్కన పెట్టు, గాలి రంధ్రాలు మూసుకుపోకూడదు. చల్లని కొసలో తడిపిన మట్టికుండను బోర్లించి, అంచు కొంచెం పగలగొట్టి నున్నగా రుద్ది దారి చేస్తే, దాక్కోవడానికీ చల్లదనానికీ రెండింటికీ పనికొస్తుంది.

పాము నోరు తెరిచి, ఆగకుండా అటూ ఇటూ కొట్టుకుంటున్నా, ఒళ్ళు వదిలేసి వాలిపోయినా వడదెబ్బ అనుకో. వెంటనే చల్లటి గదికి మార్చి, మామూలు కుళాయి నీళ్ళు కొద్దిగా పోసిన గిన్నెలో తల పైకి ఉండేట్టు ఉంచు. ఐసు నీళ్ళు పోయవద్దు, ఒక్కసారిగా చల్లబరిచినా ప్రమాదమే. అక్కడినుంచి డాక్టరు దగ్గరికి.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో మ్యాట్ వేయవలసి వస్తే వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా వేయకు. పొట్ట కింద కాలుతున్నా పాము కదలకుండా పడుకునే అవకాశం ఉంది.

తేమ 40 నుంచి 60 శాతం చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ముసురు పడుతుంది కదా, అప్పుడు పెట్టె అడుగున పరిచింది చెమ్మగిల్లితే పొట్ట పొలుసుల కింద నీటి పొక్కులు లేస్తాయి, తర్వాత కుళ్ళు పడుతుంది. ఆ రోజుల్లో న్యూస్‌పేపరే మేలు, తడిసినప్పుడల్లా మార్చేయొచ్చు. దేవదారు చెక్కపొట్టు మాత్రం ఎన్నడూ వాడకు, ఆ వాసనే ఊపిరితిత్తులకు చేటు. శ్వాసలో గురగుర, ముక్కు దగ్గర బుడగలు, తల పైకెత్తి నోరు తెరిచి పీల్చడం కనిపిస్తే ఇంటివైద్యం చేస్తూ కూర్చోవద్దు.

కళ్ళు నీలంగా మసకబారితే కుబుసం దగ్గర పడింది. మళ్ళీ తేటపడిన నాలుగైదు రోజుల్లో నిలువునా ఒకే ముక్కగా విడవాలి. విడిచిన పొరలో రెండు కళ్ళను కప్పే గుండ్రటి పొరలూ, తోకకొసా ఉన్నాయో లేదో చూడు. ముక్కలుగా వచ్చిందంటే తేమ తక్కువైంది. తడి కొబ్బరిపీచు వేసిన మూత డబ్బాకు రంధ్రం చేసి లోపల పెట్టు. కంటిపొర మిగిలితే గోటితో గీకకు.

తిండికి పెంపకపు చిట్టెలుకలే, అదీ చంపి ఫ్రీజర్‌లో ఉంచినవే. పిల్లకు 5 నుంచి 7 రోజులకొక పింకీ (వెంట్రుకలు రాని చిట్టెలుక పిల్ల), పెద్దదానికి 10 నుంచి 14 రోజులకొకటి. ఎలుక లావు పాము నడుము లావుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు. ఇంట్లో బోనులో పడ్డ ఎలుకను వేయవద్దు, అది పక్కింటివాళ్ళు పెట్టిన మందు తినొచ్చి ఉండవచ్చు. తిన్న 48 గంటలు చేత పట్టుకోకు. కక్కితే పదిరోజులు ఖాళీగా ఉంచి, తర్వాత మామూలుకంటే చిన్నదే ఇవ్వు. వేడి సరిగ్గా లేకనో, ఎలుక పెద్దదైనందుకో, చేతిలో ఎక్కువ ఆడించినందుకో కక్కడం మామూలు. మళ్ళీ మళ్ళీ కక్కుతూ నడుము మధ్యలో గడ్డలా ఉబ్బితే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవిని అనుమానించాలి. మలం పరీక్ష ఒకసారి బాగుందని వచ్చినా నమ్మక మళ్ళీ చేయించు. ఆ పరాన్నజీవి మీద బ్లీచింగ్ పౌడరు పనిచేయదు.

నాగుల చవితికి ఇంటికొచ్చేవాళ్ళు భక్తితో పాలు పోస్తామంటారు, పసుపు కుంకుమలు చల్లబోతారు. వాళ్ళ మనసు నొప్పించకుండా, పెట్టె ముందు దీపం పెట్టి దండం పెట్టుకోమను. పాలు పాముకు అరగవు, పసుపు కుంకుమల పొడి ముక్కురంధ్రాల్లో, పొలుసుల సందుల్లో పడుతుంది.

మూతకు గొళ్ళెం తప్పనిసరి. తప్పించుకుంటే నీకంటే ముందు వీధిలో ఎవరో కర్రతో చూస్తారు. ఇది విషంలేనిదని వాళ్ళకెలా తెలుస్తుంది? ఇంకో మాట, తోటలో దొరికిన జెర్రిపోతు పిల్లను తోడుగా తెచ్చి పెట్టకు. మన పాముల్ని పట్టి ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. దీన్ని కొనేటప్పుడు కూడా పుట్టుక తెలిపే కాగితాలు అడిగి తీసుకో.

డాక్టరు కోసం ఇక్కడి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి, పాములు చూసేవాళ్ళు ఉండే రోజు కనుక్కుని వెళ్ళు. గుడ్డసంచిలో వేసి ముడి కట్టి, రంధ్రాలున్న డబ్బాలో పెట్టి, ఒళ్ళో పట్టుకో. స్కూటీ డిక్కీలో పెట్టావంటే ఎండకు దార్లోనే ఉడికిపోతుంది.

మీ అత్తయ్య
తిరుపతి