శ్రుతి దించుకోవడం గురించి తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం చేరింది. అరవై దాటాక కొత్త ఆల్బమ్ మొదలుపెట్టాలా, లేక ఉన్న పాటలతోనే కచేరీలు చేసుకుంటూ గడపాలా అని అడిగావు. దానికి జవాబు చెప్పే ముందు, ఉత్తరం చివర నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం దగ్గర కాసేపు ఆగాలి. పాత పాటలన్నీ ఇప్పటికీ రికార్డులో ఉన్న శ్రుతిలోనే పాడుతున్నానని కాస్త గర్వంగానే రాశావు. నాకు చెప్పాలనిపించినదంతా అక్కడే మొదలవుతుంది.

నేనూ అరవై ఏడేళ్ల దాకా అలాగే పాడాను. ప్రతి సభలోనూ అడిగే పాట నాకు ఒకటి ఉంది. దాన్ని ముప్పై ఒకటో ఏట రెండు శ్రుతిలో కట్టాను. మూడో చరణంలో గొంతు తారస్థాయి మధ్యమం, అంటే పై స్థాయి 'మ' దాకా వెళ్లాలి. ఒక రాత్రి సరిగ్గా అక్కడ గొంతు చీలింది. అది నాకు తెలిసింది గాని సభకు తెలియలేదు, ఎందుకంటే వెనక కోరస్ పాడుతున్న అమ్మాయి అదే క్షణంలో ఆ స్వరాన్ని అందుకుని చరణం చివరి దాకా మోసుకుపోయింది. కచేరీ అయ్యాక ఆమెను మెచ్చుకోబోతే కాస్త ఇబ్బందిపడి, "ఆ చోటు కోసం మేం చాలాకాలంగా సిద్ధంగానే ఉంటున్నాం సార్" అంది. "నేను" అనలేదు, "మేం" అంది. ఫ్లూట్ వాయించే ఆయన, కీబోర్డు అబ్బాయి, అందరూ ఎన్నో రాత్రులుగా నా మధ్యమం కోసం కాపు కాస్తున్నారన్నమాట. ఆ వారమే పాటల నోటుబుక్కు తీసి, ఆ పాట పక్కన శ్రుతి అని రాసి ఉన్న "రెండు" కొట్టేసి, అరమెట్టు దించి "ఒకటిన్నర" అని రాశాను. ఇప్పుడు ఆ పేజీలో "ఒకటిన్నర" కూడా కొట్టేసి ఉంది. దాని కింద "ఒకటి" ఉంది.

ఇందులో నామోషీ పడవలసింది ఏమీ లేదు. వయసుతో పాటు స్వరతంత్రుల్లో కండ పలచబడుతుంది, అవి పూర్తిగా కలుసుకోకుండా మధ్యలో సన్నని సందు మిగులుతుంది, ఆ సందులోంచి గాలి వృథాగా పోతుంది. గొంతులోని మృదులాస్థి గట్టిపడుతుంది, తేమనిచ్చే గ్రంథులు మందగిస్తాయి, ఊపిరితిత్తుల సాగే గుణం తగ్గుతుంది. విచిత్రమేమిటంటే, మాట్లాడే గొంతు స్థాయి వయసు మీద పడిన మగవారిలో సాధారణంగా కొంత పెరుగుతుంది, ఆడవారిలో తగ్గుతుంది. పాడేటప్పుడు మాత్రం పై స్వరాల పట్టు ఇద్దరికీ సడలుతుంది. సాధనతో ఈ మార్పును నెమ్మదింపజేయవచ్చు గాని ఆపలేము. స్ట్రాలోంచి గాలి వదులుతూ పల్లవిని హమ్ చేసే అభ్యాసాన్ని గొంతు వైద్య నిపుణులు ఇప్పుడు విరివిగా చేయిస్తున్నారు. తంత్రుల మీద ఒత్తిడి పడకుండా గొంతును మేల్కొల్పడానికి నాకు అంతకంటే మంచి పద్ధతి దొరకలేదు. ఊరికే గొంతు సవరించుకునే అలవాటు మాను. బొంగురు నాలుగు వారాలు దాటి ఉంటే కషాయాలతో కాలం గడపకుండా వైద్యుడి చేత స్వరతంత్రులను పరీక్ష చేయించుకో.

ఇక శ్రుతి దించడం పైకి కనిపించినంత తేలిక కాదని కూడా నీకు తెలియాలి. పై స్వరం ఒక మెట్టు దిగితే కింది స్వరం కూడా దిగుతుంది. పల్లవి మొదట్లో గుసగుసలాగా మొదలయ్యే నీ పాటలు రెండు మూడున్నాయి, అక్కడ మాట వినపడకుండా పోయే ప్రమాదముంది. అలాంటి పాటకు శ్రుతి అరమెట్టు మాత్రమే దించి, చరణంలోని శిఖరాన్ని బాణీలోనే మార్చుకోవాలి. అది నువ్వు కట్టిన బాణీయే, మార్చే హక్కు నీకు కాక ఎవరికుంది? గిటార్ విషయంలో నేనైతే తీగలనే ఒక మెట్టు దించి కట్టుకుంటాను. వేళ్లకు అలవాటైన పట్టులు మారవు, తీగలు కాస్త వదులై వేళ్ల కీళ్లకు కూడా సుఖంగా ఉంటుంది. పైకి కావలసిన పాట వస్తే, గిటార్ మెడ మీద బిగించి శ్రుతి పెంచే క్లిప్పు, కేపో ఉండనే ఉంది. ఫ్లూట్ వాయించేవారికి మాత్రం ముందుగా చెప్పాలి, ఎందుకంటే వారు వేరే శ్రుతి వేణువు తెచ్చుకోవాలి. వేదిక ఎక్కే ముందు చెప్పి ఒక మంచి కళాకారుణ్ణి నేను ఒకసారి ఇరుకున పెట్టాను.

మనలో చాలామంది చేసే పొరపాటు ఇంకొకటుంది. గొంతు తగ్గిందనిపించగానే పాటను నెమ్మదిగా పాడడం మొదలుపెడతారు. నెమ్మదిస్తే ప్రతి స్వరమూ సాగుతుంది, సాగిన కొద్దీ ఊపిరి ఎక్కువ కావాలి, కాబట్టి ఏది తగ్గిందో దాన్నే ఎక్కువ ఖర్చు పెట్టినట్టవుతుంది. లయను అలాగే ఉంచి, పాదం చివర సాగదీసే అచ్చును కత్తిరించు. "వెళ్లిపోయావా" అనే మాటను నాలుగు మాత్రలు సాగదీసే బదులు, అడిగినట్టుగా అని వదిలేస్తే ఆ ఖాళీని గిటార్ నింపుతుంది. వినేవారికి ఆ మౌనం కూడా పాటలో భాగంగానే వినిపిస్తుంది.

ముందు నడిచినవారిని చూస్తే ధైర్యం వస్తుంది. కెనడా గాయని జోనీ మిచెల్ 25 ఏళ్ల వయసులో సన్నని, ఎత్తైన గొంతుతో రికార్డు చేసిన తన పాటనే 2000లో, 56 ఏళ్ల వయసులో, వాద్యబృందం నడుమ ఎంతో కింది స్థాయిలో మళ్లీ పాడారు. జీవితాన్ని రెండు వైపుల నుంచీ చూశానని చెప్పే పాట అది. పాతికేళ్ల గొంతులో అది ఊహలాగా వినిపిస్తే, రెండోసారి సాక్ష్యంలాగా వినిపించింది. ఆ తర్వాత 2015లో మెదడు రక్తనాళానికి వచ్చిన ఆపదతో ఆమె మాట, నడక, గిటార్ అన్నీ మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. వేళ్లు ఎక్కడ పెట్టాలో తన పాత వీడియోలు చూసి నేర్చుకున్నానని ఆమే చెప్పారు. 2022లో ఒక జానపద సంగీతోత్సవంలో కుర్చీలో కూర్చుని, చుట్టూ చిన్నవాళ్లను పెట్టుకుని పాడారు. అమెరికా గాయకుడు జానీ క్యాష్ 1994లో, పాత రికార్డు కంపెనీలు ఆయన మీద ఆశ వదులుకున్నాక, కేవలం గిటార్, గొంతు మాత్రమే ఉన్న ఆల్బమ్‌తో తిరిగి వచ్చారు. కెనడా కవి, గాయకుడు లెనార్డ్ కోహెన్, తాను దాచుకున్న డబ్బు పోయిందని తెలిశాక, దాదాపు పదిహేనేళ్ల విరామం తర్వాత, 2008లో 73 ఏళ్ల వయసులో మళ్లీ కచేరీల యాత్రకు బయలుదేరారు. చివరి ఆల్బమ్‌కు వెన్నునొప్పితో ఇంట్లోనే కుర్చీలో కూర్చుని పాడారు, ఆయన కొడుకు దాన్ని నిర్మించారు. అది వెలువడిన మూడు వారాలలోపే, 2016 నవంబరు 7న కన్నుమూశారు. ఆ చివరి గొంతు పాట కంటే మాటకే దగ్గరగా ఉంటుంది. ఆయన దాన్ని దాచడానికి ప్రయత్నించలేదు.

నీ అసలు ప్రశ్నకు వస్తాను. కొత్త పాటలు రాయి, కాని ఇప్పుడున్న గొంతుకు రాయి. నువ్వు పంపిన రెండు పల్లవులూ చదివాను. మాటలు బాగున్నాయి, కాని రెండూ ముప్పై ఏళ్ల నాటి నీ గొంతును ఊహించుకుని కట్టినవే; మొదటి పాదంలోనే పైషడ్జం, అంటే పై 'స' ఎక్కి కూర్చున్నాయి. ఒక నెల పాటు ఉదయం లేవగానే, గొంతు ఇంకా బరువుగా ఉన్నప్పుడు, ఆరేడు స్వరాల పరిధిలోనే బాణీలు కట్టి చూడు. ఇరుకైన పరిధిలో పాట నిలబడాలంటే మాట బలంగా ఉండాలి. అక్కడ నీ నలభై ఏళ్ల అనుభవం నీకు పనికొస్తుంది. పోయిన రోజులను తలచుకునే పాట ఒకటి చాలు. కంటి ఆపరేషన్ తర్వాత రంగులు ఎలా కనిపించాయో గతంలో నాకు రెండు పేజీలు రాశావు, గుర్తుందా? అంత కొత్త వస్తువు పాతికేళ్లవాడి దగ్గర దొరకదు.

సభలో కొత్త పాటలు రెండు కంటే ఎక్కువ పెట్టకు. అందరూ ఎదురుచూసే పాట తర్వాత కొత్తది పెడితే అది చప్పట్ల చప్పుడులో కొట్టుకుపోతుంది. మూడో స్థానంలో పెట్టు. సాహిత్యం మరిచిపోతానన్న భయం ఉంటే స్టాండ్ మీద పెద్ద అక్షరాలతో చరణాల మొదటి మాటలు రాసి పెట్టుకో. చెవుల సంగతి మాత్రం నిర్లక్ష్యం చేయవద్దు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చంటారు గాని, ఆ పైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది. వేదిక మీద మన పాట మనకు వినిపించే స్పీకర్లు, అంటే మానిటర్లు, ఆ 85ను సులువుగా దాటుతాయి. అమెరికా గాయకుడు పాల్ సైమన్‌కు 2023 ఆల్బమ్ చేస్తున్న రోజుల్లో ఎడమ చెవి వినికిడి చాలావరకు పోయింది. 2018లోనే వీడ్కోలు యాత్ర చేసిన ఆయన, 2025లో శబ్దం తక్కువగా, చక్కగా వినిపించే చిన్న హాళ్లను ఎంచుకుని మళ్లీ పాడారు. అందుకే చెబుతున్నాను, "ఇదే చివరి కచేరీ" అని పోస్టర్ మీద వేయించవద్దు. మాట తప్పినవాడివవుతావు, లేదా పాడగలిగి ఉండీ ఇంట్లో కూర్చుంటావు.

హక్కుల విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దానికి లాయరు కావాలి గాని అన్న సరిపోడు. పాట మీద హక్కు వేరు, రికార్డింగు మీద హక్కు వేరు. ఏ పాటకు మాట ఎవరిది, బాణీ ఎవరిది, వాటాలు ఎలా అనుకున్నారు అనేది నీకు జ్ఞాపకం ఉండగానే రాసి, పాటకు పనిచేసినవారి సంతకాలు తీసుకో. రికార్డింగు కంపెనీ చేతిలో ఉన్నా, ఒప్పందం అడ్డురానప్పుడు తన పాటను కొత్త శ్రుతిలో మళ్లీ రికార్డు చేసుకునే దారి చాలామందికి ఉంటుంది. నీ ఒప్పందంలో ఆ గడువు ఎప్పుడు తీరుతుందో ముందు చదివించు.

వచ్చే నెల కచేరీకి పాటల పట్టిక తయారుచేసి నాకు పంపు. ప్రతి పాట పక్కనా శ్రుతి రాయి. కొట్టివేతలు ఉన్న కాగితాన్నే పంపు, తిరగరాసిన శుభ్రమైన ప్రతి నాకు అక్కరలేదు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య