డెన్వర్‌లో గంజాయి కంపెనీ ఉద్యోగం: ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవారు చేరవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి కొలరాడో రాష్ట్రంలో డేటా సైన్స్‌లో ఎంఎస్ పూర్తి చేశాడు. ఓపీటీ (చదువు తరువాత అక్కడే పని చేయడానికి ఇచ్చే అనుమతి) మొదలై 58 రోజులైంది, ఇంకా ఉద్యోగం దొరకలేదు. ఇప్పుడు డెన్వర్‌లో గంజాయి దుకాణాలు నడిపే ఒక కంపెనీ డేటా అనలిస్టుగా ఆఫర్ ఇచ్చింది. సరుకు నిల్వల లెక్కలు, అమ్మకాల అంచనాలు చూసే పని అట, సరుకును చేత్తో ముట్టుకునే అవసరమే రాదట. అక్కడ గంజాయి చట్టబద్ధమేనని, కంపెనీకి రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉందని, పన్నులు కూడా కడుతుందని మా వాడు అంటున్నాడు. బ్యాంకు రుణం 38 లక్షలు ఉంది. వద్దని చెప్పాలన్నా భయమే, సరేనని చెప్పాలన్నా భయమే. ఏం చేయమంటారు?
ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అయ్యా, మీ అబ్బాయిని ఆ ఉద్యోగంలో చేరవద్దని చెప్పండి. రుణ భారం, గడిచిపోతున్న రోజులు రెండూ తెలిసే ఈ మాట అంటున్నాను. మీ అబ్బాయి చెప్పినదానిలో అబద్ధం ఏమీ లేదు. కంపెనీకి లైసెన్సు ఉన్న మాట నిజం, కొలరాడో చట్టం ఆ వ్యాపారాన్ని అనుమతిస్తున్న మాటా నిజం. కానీ మీ అబ్బాయి ఆ దేశంలో ఉంటున్నది కొలరాడో ఇచ్చిన అనుమతితో కాదు. అతనికి అనుమతి ఇచ్చిన ఫెడరల్ ప్రభుత్వం, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వం, ఆ వ్యాపారాన్ని నేటికీ మాదకద్రవ్యాల విక్రయంగానే చూస్తుంది. ఈ తేడా ఎలా వచ్చిందో మీకు అర్థమైతే అబ్బాయికి నచ్చజెప్పడం సులువవుతుంది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

అమెరికాలో గంజాయిని వైద్య అవసరాలకు మొదట అనుమతించిన రాష్ట్రం కాలిఫోర్నియా, 1996లో. వైద్యంతో సంబంధం లేకుండా 21 ఏళ్లు నిండినవారందరికీ అనుమతిస్తూ 2012 నవంబరులో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ఓటర్లు తీర్పు ఇచ్చారు. కొలరాడోలో 2014 జనవరి 1న దుకాణాలు తెరుచుకున్నాయి. 2023 నవంబరులో ఒహాయో కూడా చేరడంతో ఇలాంటి రాష్ట్రాల సంఖ్య 24కు చేరింది. ఇవన్నీ రాష్ట్ర చట్టాలు. వీటికి పైన 1970లో అమెరికా కాంగ్రెస్ చేసిన నియంత్రిత పదార్థాల చట్టం ఉంది. అందులో గంజాయిని హెరాయిన్‌తో పాటు అత్యంత కఠినమైన మొదటి షెడ్యూలులో చేర్చారు. పెంచడం, అమ్మడం, అమ్మే ఉద్దేశంతో దగ్గర ఉంచుకోవడం, ఈ పనులకు తోడ్పడడం ఆ చట్టం కింద నేరాలు, రాష్ట్రం లైసెన్సు ఇస్తే నేరం కాదన్న మినహాయింపు అందులో ఎక్కడా లేదు.

ఒకే ఊళ్లో ఒకే పని ఒక చట్టం కింద వ్యాపారం, మరో చట్టం కింద నేరం ఎలా అవుతుందని మీకు అనుమానం రావడం సహజం. మన రాజ్యాంగంలో 254వ అధికరణం ఉంది. ఉమ్మడి జాబితాలోని విషయాలపై కేంద్ర, రాష్ట్ర చట్టాలు ఢీకొంటే, రాష్ట్రపతి ఆమోదం పొందిన సందర్భాల్లో తప్ప, కేంద్ర చట్టమే నెగ్గుతుంది. అంతకంటే ముఖ్యమైన విషయం ఏమిటంటే, పార్లమెంటు చేసిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టాన్ని అల్లూరి సీతారామరాజు జిల్లాలోనైనా భద్రాద్రి కొత్తగూడెంలోనైనా ప్రధానంగా అమలు చేసేది మన రాష్ట్ర పోలీసులే. అమెరికాలో కూడా ఫెడరల్ చట్టానిదే పైచేయి అని రాజ్యాంగమే చెబుతుంది. కానీ ఫెడరల్ చట్టాన్ని అమలు చేయమని రాష్ట్ర అధికారులను కేంద్రం ఆదేశించకూడదని 1997లో ఒక తుపాకుల చట్టం కేసులో అక్కడి సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి కొలరాడో తన చట్టంలోని శిక్షను తాను తీసివేసుకోగలదు, తన పోలీసులను ఆ పనికి పంపకుండా ఉండగలదు. ఫెడరల్ చట్టంలోని నేరాన్ని మాత్రం చెరిపివేయలేదు. వైద్యుడి సలహాపై ఇంటి పెరట్లో, సొంత వాడకం కోసం పెంచుకున్న గంజాయి విషయంలో కూడా ఫెడరల్ చట్టమే వర్తిస్తుందని 2005లో కాలిఫోర్నియా నుంచి వెళ్లిన గొంజాలెజ్ వర్సెస్ రైచ్ కేసులో సుప్రీంకోర్టు 6-3 తేడాతో తీర్పు ఇచ్చింది.

మరి ఫెడరల్ పోలీసులు వచ్చి ఆ దుకాణాలను ఎందుకు మూయించడం లేదని మీ అబ్బాయి అడుగుతాడు. వారి సంఖ్య తక్కువ, దుకాణాల సంఖ్య ఎక్కువ. రాష్ట్ర నిబంధనలు పాటిస్తున్న వారిపై కేసులకు ప్రాధాన్యం ఇవ్వవద్దని 2013 ఆగస్టులో ఫెడరల్ న్యాయశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది, 2018 జనవరిలో అదే శాఖ ఆ ఉత్తర్వును ఉపసంహరించుకుంది. వైద్య గంజాయికి సంబంధించిన రాష్ట్ర చట్టాలను అడ్డుకోవడానికి న్యాయశాఖ నిధులు ఖర్చు చేయరాదని 2014 డిసెంబరు నుంచి కాంగ్రెస్ బడ్జెట్ బిల్లుల్లో ఒక నిబంధన పెడుతూ వస్తోంది. అది వైద్య అవసరాలకే పరిమితం, పైగా ఎప్పటికప్పుడు పొడిగించుకోవలసిందే. ఎత్తిన కర్రను దించడం వేరు, చేసిన పని తప్పు కాదనడం వేరు. ఇన్నేళ్లలో ఫెడరల్ ప్రభుత్వం చేసింది మొదటిది మాత్రమే.

పోలీసులు రాకపోవడమనే ఈ వెసులుబాటు అమెరికా పౌరుడికి సరిపోతుంది. మీ అబ్బాయికి సరిపోదు. రాష్ట్రాలు చేతులు కట్టుకుని కూర్చుంటే ఫెడరల్ మాదకద్రవ్యాల చట్టం వీధిలో బలహీనపడుతుంది గాని, వీసా కౌంటరు దగ్గర బలహీనపడదు, ఎందుకంటే అక్కడ కూర్చున్నది పూర్తిగా ఫెడరల్ అధికారే. మీ అబ్బాయి విషయంలో కొలరాడో ఇచ్చేవి డ్రైవింగ్ లైసెన్సు వంటి కొద్ది పత్రాలు. ఎఫ్-1 హోదా, ఓపీటీ కార్డు, రేపటి స్టెమ్ ఓపీటీ (సైన్స్, టెక్నాలజీ వంటి కోర్సులవారికి ఓపీటీ పొడిగింపు), హెచ్-1బీ ఉద్యోగ వీసా, ఎల్లుండి గ్రీన్‌కార్డు, ఆపైన పౌరసత్వం అన్నీ ఫెడరల్ ప్రభుత్వం చేతిలోవే. నా దగ్గరకు వచ్చే విద్యార్థులు తరచుగా పొరబడేది ఇక్కడే. తోటి అమెరికన్ విద్యార్థి అదే కంపెనీలో చేరాడని ధైర్యం చెప్పుకుంటారు. ఆ అమెరికన్‌కు పోతే ఉద్యోగం పోతుంది, మనవాడికి ఆ దేశంలో ఉండే అర్హతే పోవచ్చు.

ఇమిగ్రేషన్ చట్టంలో ఒక నిబంధన ఉంది. నియంత్రిత పదార్థాల అక్రమ వ్యాపారంలో ఒక విదేశీయుడు పాల్గొన్నాడని గాని, తెలిసి తోడ్పడ్డాడని గాని నమ్మడానికి అధికారికి తగిన కారణం ఉంటే చాలు, అతనికి ప్రవేశార్హత లేదని నిర్ణయించవచ్చు. దానికి అరెస్టు అక్కరలేదు, కోర్టులో శిక్ష పడనక్కరలేదు. సరుకును ముట్టుకోకపోవడం రక్షణ కాదు. ఏ దుకాణానికి ఎంత సరుకు పంపితే అమ్మకం పెరుగుతుందో లెక్కగట్టి చెప్పడం ఆ వ్యాపారానికి తోడ్పడడమేనని అధికారి అంటే, కాదని వాదించడం చాలా కష్టం. గ్రీన్‌కార్డు కోరేవారికి ఈ అభ్యంతరం నుంచి మినహాయింపు దొరకడం దాదాపు అసాధ్యం. పైగా, ఆ సంపాదన ఎక్కడిదో తెలిసి గత అయిదేళ్లలో దానిపై లబ్ధి పొందిన భార్యకు, పిల్లలకు కూడా ఇదే అభ్యంతరం వర్తించే వీలు చట్టంలో ఉంది. మీరు రేపు అబ్బాయికి సంబంధాలు చూస్తారు కనుక ఈ సంగతి దాచకుండా చెబుతున్నాను. గ్రీన్‌కార్డు వచ్చినవారికీ పూర్తి నిశ్చింత లేదు. రాష్ట్ర చట్టం అనుమతించినా సరే, గంజాయి పరిశ్రమలో ఉద్యోగం పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన నిరూపణకు అడ్డు కావచ్చని 2019 ఏప్రిల్‌లో అమెరికా పౌరసత్వ, వలస సేవల విభాగం రాతపూర్వకంగా ప్రకటించింది.

ఈ ఉద్యోగం ఎవరి కంటా పడదులే అనుకోవడానికి కూడా వీల్లేదు. స్టెమ్ ఓపీటీ పొడిగింపు కావాలంటే యజమానితో కలిసి ఐ-983 అనే శిక్షణ ప్రణాళికను నింపి, ఏ పని ద్వారా ఏం నేర్చుకుంటాడో రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి విశ్వవిద్యాలయానికి ఇవ్వాలి. హెచ్-1బీ దరఖాస్తులో కంపెనీ ఏ వ్యాపారం చేస్తుందో, ఉద్యోగి ఏం చేస్తాడో ఫెడరల్ ప్రభుత్వానికే వివరించాలి. అంటే మీ అబ్బాయి గంజాయి అమ్మకాలకు ఎలా తోడ్పడుతున్నాడో తన సంతకంతో తానే రాసి ఇచ్చినట్టవుతుంది. ఆ దశలో దరఖాస్తు తిరస్కరణకు గురైతే పోయేది ఒక్క వీసా కాదు, ఆ కాగితం అతని ఫైలులో మిగిలిపోతుంది.

త్వరలో చట్టం మారిపోతుందని కంపెనీవారు చెప్పే ఉంటారు. గంజాయిని మూడో షెడ్యూలుకు మార్చాలని ఫెడరల్ న్యాయశాఖ 2024 మేలో ప్రతిపాదించిన మాట వాస్తవమే. కానీ మూడో షెడ్యూలులో ఉన్నా అది నియంత్రిత పదార్థమే. ఇమిగ్రేషన్ చట్టం చూసేది ఆ పదార్థం నియంత్రిత జాబితాలో ఉందా లేదా అని, ఎన్నో షెడ్యూలులో ఉందని కాదు. కంపెనీల పన్ను భారం తగ్గించడానికి పనికొచ్చే మార్పును నమ్ముకుని మీ అబ్బాయి తన వీసాను పణంగా పెట్టకూడదు.

రాష్ట్ర చట్టం తన సొంత పౌరులనే ఎంతవరకు కాపాడుతుందో తెలిపే కేసు ఒకటి కొలరాడోలోనే జరిగింది. కాళ్లూ చేతులూ చచ్చుబడిన బ్రాండన్ కోట్స్ అనే ఉద్యోగి రాష్ట్ర అనుమతితో, వైద్యం కోసం, పని వేళల తరువాత ఇంట్లో గంజాయి వాడేవాడు. డ్రగ్ పరీక్షలో అది బయటపడి డిష్ నెట్‌వర్క్ సంస్థ అతన్ని ఉద్యోగం నుంచి తీసివేసింది. విధుల వెలుపల చట్టబద్ధమైన పని చేసినందుకు ఉద్యోగిని తొలగించకూడదని ఆ రాష్ట్రంలో చట్టం ఉంది. అయినా చట్టబద్ధం అంటే రాష్ట్ర, ఫెడరల్ చట్టాలు రెండింటి కిందా చట్టబద్ధమై ఉండాలని 2015లో కొలరాడో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంత బాధలో ఉన్న పౌరుడికే దొరకని రక్షణ ఎఫ్-1 విద్యార్థికి దొరుకుతుందని ఎలా అనుకుంటాం?

గంజాయిని నేరుగా పెంచని, అమ్మని కంపెనీలు కూడా ఆ రంగంలో ఉన్నాయి. దుకాణాలకు సాఫ్ట్‌వేర్, బిల్లింగ్, ప్యాకింగ్ వంటివి అందించే సంస్థలవి. అన్ని రకాల చిల్లర దుకాణాలకూ సాఫ్ట్‌వేర్ అమ్ముతూ, వాటిలో కొన్ని గంజాయి దుకాణాలు ఉండడం ఒక సంగతి. గంజాయి దుకాణాల కోసమే పుట్టిన కంపెనీ మరో సంగతి. రెండో రకం నుంచి ఆఫర్ వస్తే, సంతకం పెట్టక ముందే ఇమిగ్రేషన్ న్యాయవాదికి ఫీజు ఇచ్చి సలహా తీసుకోవాలి. కన్సల్టెన్సీ మాట గాని, వాట్సాప్ గ్రూపులో సీనియర్ల మాట గాని, చివరికి నా మాట గాని ఆ సలహాకు బదులు కాదు.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. అబ్బాయి స్వయంగా ఎప్పుడైనా గంజాయి వాడాడా అని కోపం లేకుండా, నిదానంగా మాట్లాడి తెలుసుకోండి. దుకాణంలో రసీదు ఇచ్చి అమ్మే వస్తువు కనుక తప్పు కాదనుకుని రుచి చూసే పిల్లలు ఉంటారు. శిక్ష పడకపోయినా, ఫెడరల్ చట్టం ప్రకారం నేరమైన పని చేశానని అధికారి ముందు ఒప్పుకోవడమే ప్రవేశ నిరాకరణకు కారణం కాగలదు. వీసా దరఖాస్తు డీఎస్-160లో నియంత్రిత పదార్థాల చట్టాన్ని ఎప్పుడైనా ఉల్లంఘించారా అనే ప్రశ్న ఉంది. దానికి అబద్ధం రాస్తే మోసపూరిత సమాచారం ఇచ్చారన్న, ఇంకా పెద్ద అభ్యంతరం మెడకు చుట్టుకుంటుంది. కాబట్టి ఇప్పటికే వాడి ఉంటే ఇక్కడితో ఆపి, తదుపరి వీసా దరఖాస్తుకు, ప్రయాణానికి ముందు న్యాయవాదిని కలవాలి. సరదాగా పెట్టిన ఫొటోలు కూడా చూసుకోమనండి. ఎఫ్ వీసా కోరేవారు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని 2025 జూన్‌లో అమెరికా విదేశాంగ శాఖ చెప్పింది.

ఇక మిగిలిన 32 రోజుల సంగతి. మొదటి ఏడాది ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు, సెలవు రోజులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. అయితే ఈ మొదటి దశలో జీతం లేని పని కూడా, చదివిన రంగానికి సంబంధించినదై, వారానికి కనీసం 20 గంటలు చేస్తే ఉద్యోగంగానే లెక్కకు వస్తుంది. స్టెమ్ పొడిగింపులో మాత్రం జీతం ఉండి తీరాలి. మీ అబ్బాయి ఈ వారమే తన ప్రొఫెసర్లను, విశ్వవిద్యాలయ పరిశోధనశాలలను, సేవాసంస్థలను డేటా పని కోసం అడగాలి. లాభాపేక్ష గల కంపెనీలో జీతం లేకుండా పనిచేయడం కార్మిక చట్టాలకు విరుద్ధం కావచ్చు కనుక అటు వెళ్లకూడదు. పని దొరికిన వెంటనే డీఎస్‌ఓకు (విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారికి) తెలియజేసి, పని గంటలు, బాధ్యతలు రాసిన లేఖను భద్రపరచుకోవాలి. ఈ తొందరలో లేని ఉద్యోగాన్ని ఉన్నట్టు చూపిస్తామనే కన్సల్టెన్సీలు ఫోన్లు చేస్తాయి. గంజాయి ఉద్యోగం వద్దన్నంత గట్టిగా దాన్నీ వద్దనండి.

మీ అబ్బాయి నైపుణ్యానికి గంజాయి దుకాణమే గతి కాదు. త్వరగా పాడయ్యే సరుకు, ప్రతి ప్యాకెట్‌కూ ట్రాకింగ్ నంబరు, దుకాణాల వారీగా డిమాండ్ అంచనా, ఇదే కదా ఆ కంపెనీ అతనిలో చూసింది. ఇదే పని సూపర్‌మార్కెట్ల గొలుసులకు, మందుల పంపిణీదారులకు, ఆస్పత్రుల స్టోర్లకు, శీతల గిడ్డంగులకు కావాలి. ఇంటర్వ్యూలో ఆ కంపెనీకి చూపిన ప్రాజెక్టునే సరుకు పేరు మార్చి వీరికి చూపమనండి. డెన్వర్ దాటి, ఇతర రాష్ట్రాల్లో కూడా దరఖాస్తు చేయాలి.

ఇంటర్వ్యూకు వెళ్లినంత మాత్రాన ప్రమాదమేమీ లేదు, ఆ కంగారు పడవద్దు. పనిలో చేరకముందే, ఒక్క రోజు కూడా పని చేయకముందే, తన వీసా హోదా దృష్ట్యా ఆఫర్‌ను స్వీకరించలేనని మర్యాదగా రెండు వాక్యాల ఈమెయిల్ పంపి, దాని ప్రతిని తన దగ్గర ఉంచుకోమనండి. రుణం విషయంలో వాయిదాలు మొదలయ్యే తేదీని పొడిగించే వీలుందేమో మీరు రేపే బ్యాంకు మేనేజరును కలిసి అడగండి. అబ్బాయితో ఈ రాత్రి ఫోన్లో మాట్లాడేటప్పుడు ముందుగా ఆ సంగతి చెప్పి, తరువాత ఉద్యోగం సంగతి ఎత్తండి.